పెళ్లిచూపుల్లో విసిరిన బంతి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లులకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు, లోపల ఇంకా పులిహోర కలుపుతున్నవాళ్లకు కూడా. పేరుపేరునా చెప్పడం మర్యాదే. కానీ ఇచ్చింది ఇరవై నిమిషాలు, అందులో రెండు శాలువాలకే పోయాయి.

కాలేజీ డ్రాఫ్టులో క్వార్టర్‌బ్యాక్‌ను ఎలా వెతుకుతారో చెప్పమన్నారు. డాలస్ పక్కనున్న ఈ ఫ్రిస్కోలో నిలబడి అమెరికన్ ఫుట్‌బాల్ గురించి చెప్పడమంటే తిరుపతిలో లడ్డూ గురించి చెప్పడమే. డాలస్ కౌబాయ్స్ జట్టు ఆఫీసూ, ప్రాక్టీసు మైదానమూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. అయినా క్రికెట్‌తో పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నాలుగు ముక్కలు. డ్రాఫ్టు అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగు జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం. 32 జట్లు, 7 రౌండ్లు, ఏప్రిల్ చివర మూడు రోజులు. పోయిన సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకి మొదటి వంతు, వంతునే పిక్ అంటారు. ఆ వంతుని ఇంకో జట్టుకి అమ్ముకోవచ్చు కూడా. క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ఆటలోనూ (మ్యాచ్‌లో ఒక్కో ఎత్తుని ఆట అంటున్నాను) బంతి ముందుగా చేతికందేవాడు. అందిన రెండున్నర సెకన్లలో ఎవరికివ్వాలో తేల్చాలి. ఎదురుగా ఒక్కొక్కడు 300 పౌన్లున్న నలుగురు మీదికొస్తుంటారు.

ఫిల్మ్, కొలతలు, డాక్టరు, ఇంటర్వ్యూ, ధర అని అయిదు భాగాలు రాసుకొచ్చాను. ఎంతవరకు వెళ్తానో చూద్దాం.

ముందు ఫిల్మ్. టీవీలో చూసేది ఫిల్మ్ కాదండీ. టీవీ కెమెరా బంతిని వదలదు. క్వార్టర్‌బ్యాక్ ఎవర్ని చూస్తున్నాడో మనకి తెలుస్తుంది గానీ, దూరంగా వెనక కాపలా నిలబడ్డ సేఫ్టీలు ఏం చేస్తున్నారో తెరమీద ఉండదు. ఆటగాళ్లని వెతికే స్కౌట్లు చూసేది ఆల్-22. స్టేడియం పై అంచు నుంచి ఒకటి, మైదానం చివరనుండే ఎండ్ జోన్ వెనక నుంచి ఒకటి, 22 మందీ కనబడేలా తీసింది.

దాని ముందు కూర్చున్నాక మొదట చెయ్యాల్సింది కొట్టివేతలు. ఒక కాగితం తీసుకోండి. ఆట మొదలయ్యే గీత వెనకే నిలబడ్డవాడికి అందించే స్క్రీన్ పాసులన్నీ కొట్టెయ్యండి. అవి బంతి పట్టే రిసీవర్ కాళ్ల గొప్ప. ఒక్క డిఫెండర్‌ని చూసి పరుగా పాసా తేల్చుకునే ఆర్‌పీఓలు కొట్టెయ్యండి. ఎందుకంటే కాలేజీ రూల్సులో ఆ ఆటకి క్వార్టర్‌బ్యాక్ ముందు కాపు కాసే లైన్‌మెన్ 3 గజాల దాకా ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. అక్కడ తీరిగ్గా నడిచిన ఎత్తు ఇక్కడ పెనాల్టీ తెస్తుంది. ఇరవై ఎనిమిది పాయింట్లు ముందుండగా నాలుగో క్వార్టర్‌లో విసిరినవీ, చిన్న కాలేజీని పిలిచి చితక్కొట్టిన మ్యాచ్‌లో విసిరినవీ కొట్టెయ్యండి. సీజనంతా కలిపి మూడు నాలుగు వందల బంతులుంటే, కాగితం మీద మిగిలేవి చూసి భయమేస్తుంది.

ఆ మిగిలినవాటిని ఒక్కోటీ పదిసార్లు చూడాలి. థర్డ్ డౌన్, అంటే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఇంకా 7 గజాలో అంతకన్నా ఎక్కువో కావాలి, అవతలివాళ్లకి పాస్ వస్తుందని తెలుసు. అలాంటప్పుడు ఏం చేశాడు? రిసీవర్ తిరిగాక విసిరాడా, తిరగబోతుండగా విసిరాడా? తిరిగాక విసిరే అలవాటు కాలేజీలో చెల్లుతుంది. పైన, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఆ అర సెకనులో రిసీవర్‌ని కాచే కార్నర్‌బ్యాక్ బంతిని ఎత్తుకుపోతాడు. మొదటివాడు దొరక్కపోతే కళ్లతో పాటు పాదాలు కూడా రెండోవాడి వైపు తిరిగాయా? కళ్లు తిరిగి పాదాలు తిరగకపోతే బంతి రిసీవర్ వెనక్కి పడుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు అందులో ఎన్నిసార్లు సాక్ అయ్యాడో, అంటే బంతి విసరకముందే పడిపోయాడో లెక్కెయ్యండి. సాక్‌లన్నీ లైన్ తప్పే అనుకుంటాం. కాదు, బంతి పట్టుకు వేలాడే అలవాటు అబ్బాయితో పాటే పై స్థాయికి వస్తుంది.

ఇక్కడ మైదానం సంగతి ఒకటి. హ్యాష్ మార్కులు తెలుసు కదా, ఆట ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గీతలు. కాలేజీలో ఆ రెండు వరుసల మధ్య 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. దాంతో కాలేజీలో ఒక పక్క పొలంలా ఖాళీ ఉంటుంది. రిసీవర్లని అటు పరిచేస్తే డిఫెన్స్ చిరిగిపోతుంది, అబ్బాయి గొప్పగా కనబడతాడు. పైకొచ్చేసరికి ఆ ఖాళీ ఉండదు, నడిబొడ్డులో సందు చూసి దూర్చాలి. అందుకే 10 నుంచి 20 గజాల లోతులో, మైదానం మధ్యలోకి విసిరినవాటిని విడిగా లెక్కపెట్టాలి.

ఇంకొకటి, నోరు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లే క్లాకు 40 సెకన్లు. కోచ్ గొంతు హెల్మెట్‌లో వినిపిస్తుంది, 15 సెకన్లుందనగా ఆగిపోతుంది. ఈ లోపల రైలుబండంత పొడుగున్న ఆట పేరు విని, పదిమందికీ తప్పు లేకుండా చెప్పి, నిలబెట్టి, డిఫెన్స్‌ని చూసి, అవసరమైతే మార్చాలి. చాలా కాలేజీల్లో ఏళ్ల తరబడి ఏం చేశారంటే, పక్కన బొమ్మల అట్టలు ఎత్తి చూపించారు. అబ్బాయి అటు చూడ్డం, బంతి తీసుకోవడం. మూడేళ్లు ఆడి కూడా జట్టు గుమిగూడే హడిల్‌లో ఒక ఆట నోటితో చెప్పనివాడు ఉంటాడు. ఇంటర్వ్యూలో బోర్డు దగ్గరికి పిలిచి ఒక ఆట నేర్పి, ఇరవై నిమిషాలు వేరే కబుర్లాడి, మళ్లీ చెప్పమనేది ఇందుకే. ఇంటర్వ్యూ భాగం ఇక్కడే అయిపోయిందనుకోండి.

కొలతలు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అరచెయ్యి చాపి కొలుస్తారు. 9 అంగుళాలకి తగ్గితే గుసగుసలు. జో బరో చెయ్యి సరిగ్గా 9, అయినా సిన్సినాటిని లీగు ఫైనలైన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. రస్సెల్ విల్సన్ ఆరడుగులు లేడని 2012లో మూడో రౌండులో 75వ పిక్ దాకా ఆపారు. 40 గజాల పరుగులో టామ్ బ్రేడీకి 5.28 సెకన్లు పట్టింది. ఆయన 199వ పిక్, ఆ ఏడాది ఎంపికైన క్వార్టర్‌బ్యాకుల్లో ఏడోవాడు. ఈ కథ అందరూ చెబుతారు కాబట్టి వదిలేస్తాను. నా గొడవ కొలిచే టేపుతో కాదు.

నా గొడవ ప్రో డేతో.

ప్రో డే అంటే ఏంటో తెలియనివాళ్లు చెయ్యెత్తండి. సరే. మార్చిలో అబ్బాయి సొంత కాలేజీలో జరుగుతుంది. జట్ల మేనేజర్లు, కోచ్‌లు వచ్చి గీత పక్కన వరసగా నిలబడతారు. అబ్బాయి ఒక అరవై దాకా బంతులు విసురుతాడు. అవి ఏవో, ఏ వరసలోనో అతని ప్రైవేటు కోచ్ వారాల ముందే రాసి సాధన చేయించాడు. పట్టేది సొంత రిసీవర్లే, కళ్లు మూసుకున్నా ఎక్కడుంటారో తెలుసు. ఎదురుగా డిఫెండర్ లేడు. మీదికొచ్చేవాడు లేడు. పోనీ వానలోలా తడిపిన బంతా, కాదు. పాటలు పెడతారు. ఇది పెళ్లిచూపులు కాకపోతే ఏంటండీ? పట్టుచీర కట్టించి, ఆర్నెల్లుగా సాధన చేసిన ఒక్క కీర్తన పాడించి, అమ్మాయి సంగీత విద్వాంసురాలని రాసుకుపోవడం!

2021 మార్చిలో బ్రిగమ్ యంగ్ కాలేజీలో జాక్ విల్సన్ ఎడమకి పరిగెడుతూ, ఒంటికి అడ్డంగా, దూరంగా ఒక బంతి విసిరాడు. అందమైన బంతి, కాదనను. ఆ వీడియో దేశమంతా తిరిగింది. న్యూయార్క్ జెట్స్ జట్టు అతన్ని రెండో పిక్‌గా తీసుకున్నారు. 2024 వసంతానికి డెన్వర్‌కి పంపించేశారు. దీనికి తిరగేసిన కథ 2014లో ఉంది. లూయీవిల్ కుర్రాడు టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ ఎప్పుడూ గ్లవ్ వేసుకుని విసిరేవాడు, ప్రో డే నాడు గ్లవ్ తీసి విసిరాడు. బంతులు అటూ ఇటూ పోయాయి. కాలేజీలో ఆడిన మ్యాచ్‌లన్నీ మర్చిపోయి ఆ పూట గుర్తుపెట్టుకున్నారు, మొదటి రౌండు చిట్టచివర 32వ పిక్‌కి జారాడు. మిన్నెసోటా తీసుకుంది. మరుసటి సీజనే నాలుగు జట్ల డివిజన్‌ని గెలిపించాడు. పెళ్లిచూపులు రెండు వైపులా మోసం చేస్తాయి.

ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకి ఒక మాట. మన పిల్లలు కూడా ఈ మధ్య హైస్కూల్ జట్లలో చేరుతున్నారు, సంతోషం. ఎండాకాలంలో 7 ఆన్ 7 పోటీలు పెడతారు. అందులో లైన్ ఉండదు, మీద పడేవాడు ఉండడు. ఆ వీడియోలు కత్తిరించి కాలేజీ కోచ్‌లకి పంపుతున్నారు. పంపండి గానీ, దానితో పాటు పూర్తి మ్యాచ్ ఒకటి పంపండి, ఓడిపోయినది.

ఎంత చూశాం, ఎంత ఊహించుకున్నాం అన్నది అసలు ప్రశ్న. 2017లో షికాగో రెండో పిక్‌తో ట్రుబిస్కీని తీసుకుంది. కాలేజీలో అతను మొదలుపెట్టిన, అంటే మొదటి నుంచే క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన మ్యాచ్‌లు 13. అదే డ్రాఫ్టులో 29 మ్యాచ్‌లు మొదలుపెట్టిన మహోమ్స్, తర్వాత సూపర్ బౌల్స్ గెలిచినవాడు, పదో పిక్ దాకా ఉన్నాడు. మన టెక్సాస్ వాడే. 2023లో ఇండియానాపొలిస్ నాలుగో పిక్‌తో రిచర్డ్‌సన్‌ని తీసుకుంది, అతనివీ 13. సంఖ్య ఎక్కువైతే చాలునా అంటే, కాదు. కెన్నీ పికెట్ ఏళ్ల తరబడి ఆడాడు, మొదటి రౌండులో వెళ్లాడు, రెండేళ్లకే పిట్స్‌బర్గ్ వదులుకుంది. ఆబర్న్‌లో 14 మ్యాచ్‌లతో వచ్చిన కామ్ న్యూటన్ 2015లో ఎంవీపీ, అంటే లీగులో ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. నేను చెప్పేది, 13 మ్యాచ్‌లున్నప్పుడు నీకు తెలిసింది తక్కువ, కాబట్టి తక్కువ ధర పెట్టు అని. అంతే.

కానీ అలా పెట్టరు. ధర దగ్గరికి వచ్చాం, డాక్టరు పోయాడు, క్షమించాలి.

పిక్కులకి ధర కట్టే పట్టిక పుట్టింది మన డాలస్‌లోనే. 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు, జట్టులో వాటాదారు మైక్ మెకాయ్ కట్టాడు. మొదటి పిక్ 3000 పాయింట్లు, మూడోది 2200, పన్నెండోది 1200, ముప్ఫై రెండోది 590. ఇప్పుడు ఎవరి పట్టిక వాళ్లకుంది గానీ మూలం అదే. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో 12 నుంచి 3కి ఎక్కాలనుకుంది. అంటే 1000 పాయింట్ల ఎత్తు. తన 12వ పిక్ కాక, రాబోయే రెండేళ్ల మొదటి రౌండు పిక్కులూ, ఒక మూడో రౌండు పిక్కూ మయామీకి ఇచ్చింది. వచ్చినవాడు ట్రే లాన్స్. నార్త్ డకోటా స్టేట్‌లో ఒకే ఒక్క పూర్తి సీజన్, అందులో 28 టచ్‌డౌన్లు (చివరి గీత దాటించిన స్కోర్లు), ఒక్క ఇంటర్‌సెప్షన్ (అవతలివాళ్లు ఎత్తుకుపోయిన బంతి) లేదు. కోవిడ్ వల్ల తర్వాతి ఏడు ఒక్క మ్యాచే. కాలేజీ మొత్తం మీద విసిరింది మూడు వందల పైచిలుకు బంతులు. ఇందాకటి కాగితం గుర్తుందా? కొట్టివేతలయ్యాక ఏం మిగిలి ఉంటాయి? పెద్ద కాలేజీల మీద ఆడింది లేదు, వెనకబడి గెలిపించాల్సిన మ్యాచ్‌లు బహు తక్కువ. తప్పు ఆ అబ్బాయిది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, చీలమండ విరిగింది, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండు పిక్‌కి మన కౌబాయ్సే కొనుక్కున్నారు. ఇంతలో 2022 డ్రాఫ్టులో చిట్టచివరి పిక్, 262వది, నాలుగేళ్లు అయోవా స్టేట్‌లో ఆడిన బ్రాక్ పర్డీ అదే శాన్‌ఫ్రాన్సిస్కోని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు.

డబ్బు కూడా చూడండి. 2011 నుంచి కొత్తవాళ్ల జీతానికి కొలబద్ద పెట్టారు. అంతకుముందు ఏడు మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్లు గ్యారంటీ. తర్వాతి ఏడు న్యూటన్‌కి నాలుగేళ్లకి కలిపి 2.2 కోట్లు. 2024లో మన కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 6 కోట్లు ఒప్పుకున్నారు, ఆ ఏడు జట్టు మొత్తం ఖర్చుకి పరిమితి 25.54 కోట్లు. కొత్త కుర్రాడు దొరికితే నాలుగేళ్లపాటు మిగిలే డబ్బుతో మంచి లైన్ కొనొచ్చు. కొనాలి కూడా. 2002లో హ్యూస్టన్ కొత్త జట్టు మొదటి పిక్‌తో డేవిడ్ కార్‌ని తెచ్చి, లైన్ సరిగ్గా లేకుండా నిలబెట్టింది. ఆ ఒక్క సీజన్‌లో 76 సాక్‌లు తిన్నాడు, ఇప్పటికీ రికార్డు. అబ్బాయి మంచివాడే, ఇల్లే బాగోలేదు.

చీటీ వచ్చింది, భోజనాలు సిద్ధమట. ఒక్క నిమిషం. వెనక నిలబడ్డ బాబు మొదట్నుంచీ చెయ్యెత్తే ఉన్నాడు. "కౌబాయ్స్ తర్వాతి క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడు?" అదే కదా? ప్రెస్కాట్ ఒప్పందం 2028 సీజన్ దాకా ఉంది. అంటే ఇప్పట్నుంచే చివరి రౌండ్లలో వెతుకుతూ ఉండాలి నాయనా. ఈ జట్టు చరిత్ర చూడు. స్టాబాక్ పదో రౌండు, అప్పట్లో రౌండ్లు ఎక్కువ. నేవీ కొలువు ముగించుకుని వచ్చేదాకా అయిదేళ్లు ఆగారు. ఎయిక్‌మన్ ఒక్కడే మొదటి పిక్, అతను కూడా మొదటి ఏడు మొదలుపెట్టిన 11 మ్యాచ్‌లూ ఓడాడు, తర్వాత మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. రోమోని డ్రాఫ్టులో ఎవరూ పిలవనే లేదు.

ఇక ప్రెస్కాట్, 2016. ఆ ఏడు కౌబాయ్స్ మొదట పాక్స్‌టన్ లించ్ కోసం పైకెక్కాలని చూశారు, డెన్వర్ ఎగరేసుకుపోయింది. తర్వాత కానర్ కుక్ మీద కన్నేశారు, రెయిడర్స్ 100వ పిక్‌తో తీసేసుకున్నారు. ఆ తర్వాతే 135వ పిక్‌గా ప్రెస్కాట్. ఆగస్టులో రోమోకి బదులుగా ఉన్న కెల్లెన్ మూర్ కాలు విరిగింది, రోమో నడుం దెబ్బతింది, మూడోవాడు ప్రెస్కాట్ మైదానంలోకి దిగాడు. 13 గెలిచారు, 3 ఓడారు. పద, వడ్డన మొదలైంది, మిగతాది విస్తరి దగ్గర అడుగు.