రూట్ ఖాతాకు ఏ షెల్ ఉండాలి?

సభకు నమస్కారం. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సర్వర్లు నడిపేవారి మధ్య తరచూ రేగే ఒక చిన్న తగవు గురించి ఈ పూట మాట్లాడతాను. షెల్ అంటే మనం టైపు చేసే ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రాము. రోజంతా బ్యాష్, జెడ్‌షెల్ వంటి ఒక షెల్‌లో పనిచేసే మనిషికి, సర్వాధికారాలున్న రూట్ ఖాతాలో లాగిన్ కాగానే వేరే షెల్ ఎదురై, ఆదేశాలకు రాసిపెట్టుకున్న పొట్టిపేర్లు, అంటే ఎలియాస్‌లు, ఒక్కటీ అందకపోతే విసుగు పుడుతుంది. వెంటనే రూట్‌కూ బ్యాష్‌నే పెట్టేస్తాడు. ఆ విసుగు న్యాయమైనదే గాని, అందుకు ఎంచుకున్న మందు మంచిది కాదు.

సొంత ఖాతాకు ఏ షెల్ అయినా పెట్టుకోవచ్చు. ఈటీసీ డైరెక్టరీలోని షెల్స్ ఫైలులో దాని పేరు ఉంటే చాలు. మనుషులు వాడని సర్వీసుల ఖాతాలకు, లాగిన్‌నే నిరాకరించే నోలాగిన్ సరిపోతుంది.

రూట్ సంగతి వేరు. ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ మూల వ్యవస్థలో భాగం కాదు; ప్యాకేజీగా వచ్చి యూఎస్ఆర్ డైరెక్టరీలోని లోకల్ కింద చేరుతుంది. యూఎస్ఆర్ డిస్కులో విడి పార్టిషన్‌లో ఉండి, అది మౌంట్ కాకపోతే, అంటే వ్యవస్థకు జతపడకపోతే, ఎలాగని పూర్వం భయపడేవారు. నన్నడిగితే అంతకంటే పెద్ద బెడద లైబ్రరీలది: ప్యాకేజీల అప్‌గ్రేడ్ సగంలో ఆగి, బ్యాష్ నడవడానికి కావలసిన ఉమ్మడి కోడ్ ఫైలు, అంటే షేర్డ్ లైబ్రరీ, ఒక్కటి కనబడకపోయినా షెల్ మొదలు కాదు, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ నిలవదు. మరమ్మతుల కోసం వాడే సింగిల్ యూజర్ మోడ్ ఉంది కదా అంటారు. నిజమే, అక్కడ ఎంటర్ కొడితే మూల వ్యవస్థలోనే ఉండే ఎస్‌హెచ్ అనే షెల్ వస్తుంది. కాని దానికి కన్సోల్ దగ్గర మనిషి ఉండాలి, మన సర్వర్ ఏ ఊళ్లోని డేటా సెంటర్‌లోనో ఉంటుంది.

రూట్ పేరునే తిరగేసిన ‘టూర్’ అనే ఖాతా ఇందుకే ఉంది. దాని యూజర్ ఐడీ కూడా రూట్‌లాగే సున్నాయే, అంటే అధికారాలూ అవే. మొదట దాని పాస్‌వర్డ్ మూసి ఉంటుంది. తెరిచి, నచ్చిన షెల్ పెట్టుకుంటే రూట్ జోలికి పోనక్కరలేదు. నాకు మాత్రం మరో ఖాతాకు మారే ఎస్‌యూ ఆదేశానికి ‘ఎమ్’ ఆప్షన్ చేర్చి, నా షెల్‌తోనే రూట్ అధికారం తీసుకోవడం ఇష్టం. అయితే అప్పుడు హోమ్ డైరెక్టరీ నాదే ఉంటుంది గనుక, హిస్టరీ వంటి ఫైళ్లు రూట్ సొత్తుగా మారి మర్నాడు వాటిని నన్నే తెరవనివ్వకపోవచ్చు.

2023 నవంబరులో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 14.0తో రూట్ షెల్, సీఎస్‌హెచ్ అనే వేరే షెల్ నుంచి ఎస్‌హెచ్‌కు మారింది. బ్యాష్ వాడేవారికి ఎస్‌హెచ్ వ్యాకరణం పరిచితమే కాబట్టి, ఈ తగవులో సగం అక్కడే తీరింది.