ఇంట్లోనే ఉండి ఇంటికి రాని మనుషులు

శ్రోతలందరికీ నమస్కారం. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు అలసిపోకుండా పని సాగించుకోవడం ఎలా అన్న దాని మీద మాట్లాడమన్నారు నన్ను. నిజం చెప్పాలంటే ఆ పరీక్షలో ఒకసారి ఫెయిలై మళ్ళీ ఫీజు కట్టిన మనిషిని నేను, ఆ అనుభవం ఉంది కదా అని ఒప్పుకున్నాను.

2020 మార్చి దాకా మేము ఉప్పల్‌లో ఉండేవాళ్ళం. పొద్దున మెట్రో ఎక్కితే రాయదుర్గం, సాయంత్రం ఎక్కితే మళ్ళీ ఉప్పల్. సీటు దొరికిన రోజు పండగ, మిగతా రోజులు ఎవరి బ్యాగో వీపులో గుచ్చుకుంటూనే ప్రయాణం, తిట్టుకోని రోజు లేదు. కానీ ఆ రైలు నాకు ఒక పని చేసిపెట్టేదని అప్పట్లో తెలియలేదు. అమీర్‌పేట దాకా మేనేజర్ అన్న మాటే బుర్రలో తిరిగేది, సికింద్రాబాద్ దాటాక కాస్త పలచబడేది, తార్నాక వచ్చేసరికి ఇంట్లో టమాటాలు ఉన్నాయా లేవా అన్న ఆలోచనలో పడేదాన్ని. ఉప్పల్‌లో నేను దిగేలోపే ఆఫీసు నా మీంచి దిగిపోయేది.

లాక్‌డౌన్ పడ్డాక పోచంపల్లిలో మా అత్తగారింటికి వచ్చేశాం. పది రోజులకని రెండు జతల బట్టలు తెచ్చుకున్నాం, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం, నెలకోసారి ఆఫీసుకు వెళ్ళి మొహం చూపించి వస్తాను. మొదటి నెలలైతే స్వర్గమే. రైలు లేదు, డబ్బా కట్టుకోవడం లేదు, వేడివేడి అన్నం. తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, పొద్దున పళ్ళు తోముకుంటూ మెయిల్ చూడడం, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి చూడడం, చాట్‌లో నా పేరు పక్కన నేను సీట్లో ఉన్నానని చూపే ఆ పచ్చ చుక్క పసుపుగా మారితే ఎవరేమనుకుంటారో అని బాత్‌రూమ్‌కి పరుగున పోయి పరుగున రావడం అలవాటైపోయాయి.

ఒక రాత్రి అన్నం, పప్పుచారు, గుడ్డు వేపుడు వడ్డించి అత్తమ్మ పిలిచింది. వస్తున్నా అన్నాను. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే మాట. మూడోసారి పిలవలేదు, కంచం తెచ్చి ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి వెళ్ళిపోయింది. చెవిలో ఇయర్‌ఫోన్, ఎడమ చెయ్యి మౌస్ మీద, కుడి చేతిలో ముద్ద, "యెస్, ఐ కెన్ సీ యువర్ స్క్రీన్" అంటున్నాను. పప్పుచారు చల్లారి మీద పొర కట్టింది. కాల్ అయ్యాక కంచం తీసుకోవడానికి వచ్చి అత్తమ్మ ఒకే మాట అంది. "ఆఫీసుకు పోయేటప్పుడే నయముండె బిడ్డా, ఎంత రాత్రయినా ఇంటికైతే వస్తుంటివి."

ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు.

మన పని భాషలో ఈ అలసటకి బర్న్‌అవుట్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జబ్బుల వర్గీకరణలో చేర్చింది, అయితే జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. ఒంట్లో సత్తువ లేనట్టు ఉండడం, చేసే పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయడం లేదన్న భావం, ఈ మూడూ గుర్తులు. మొదటిదాన్ని మనం ఒప్పుకుంటాం, "బాగా టైర్డ్" అంటాం. రెండోది కనిపెట్టడం కష్టం. నాకైతే టీమ్‌లో కొత్తగా చేరిన పిల్ల ఏదో అడిగితే ఒళ్ళు మండేది, పాపం ఆ పిల్ల అడిగింది పాస్‌వర్డ్ ఎలా మార్చాలనే.

నిజానికి ఇంటి నుంచి పని మన ఊళ్ళకి కొత్తేం కాదు. మా పక్కింటి మామయ్య నలభై ఏళ్ళుగా చేస్తున్నది అదే, ముందు గదిలో గుంట మగ్గం. ఆయన గుంటలోకి దిగి కూర్చుంటే పని, లేచి బయటికొస్తే పని లేదు. మగ్గాన్ని మంచం మీదికి తెచ్చుకోలేడు, అన్నం తింటూ నేయలేడు. మా పుట్టిల్లు కోరుట్ల వైపు, అక్కడ ఆడవాళ్ళు చేసే ఇంటి పని వేరు, బీడీలు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. అరుగు మీద కూర్చున్నా చాట ఒళ్ళోనే, టీవీ చూస్తున్నా ఒళ్ళోనే, చుట్టాలొచ్చి మాట్లాడుతున్నా చేతులు ఆగవు, ఎందుకంటే లెక్క వెయ్యికింత అని, గంటకింత అని కాదు. ల్యాప్‌టాప్ అన్న మాటలోనే ఒడి ఉంది చూడండి. మనం చదువుకుని, పెద్ద జీతాలు తెచ్చుకుని, చివరికి ఒళ్ళో చాట పెట్టుకున్నాం.

మగ్గం పని సుఖం అని కూడా నేననను. ఇక్కడ చీరకి ఆసు పోయడానికి, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పెట్టడానికి, ఆడవాళ్ళు రోజూ వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పేవాళ్ళు, భుజాలు పడిపోయేవి. ఆ బాధ తల్లిలో చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. అమ్మ భుజం నొప్పి చూసి ఆయన యంత్రమే కనిపెట్టారు, నేను ఆరు నెలలు నడుం నొప్పితో డైనింగ్ కుర్చీలో కూర్చుని ఒక మంచి కుర్చీ కొనడానికి వెనకాడాను. సిగ్గుచేటు కదా.

ఇక నేనేం మార్చుకున్నానో చెప్తాను. ల్యాప్‌టాప్‌కి ఒక గుంట ఏర్పాటు చేశాను. కిటికీ పక్కన ఒక బల్ల, అక్కడ తప్ప ఇంకెక్కడా తెరవను, మంచం మీద అసలే తెరవను. పని ముగిసే ముందు పాత క్యాలెండర్ కాగితం వెనక రేపు మొదట చేయాల్సింది మూడు లైన్లు రాస్తాను, రాయకపోతే అది రాత్రంతా నా తలలోనే కూర్చుంటుంది. తర్వాత ల్యాప్‌టాప్ బ్యాగులో, బ్యాగు బీరువాలో. ఫోన్లోంచి ఆఫీసు చాట్ తీసేశాను, అర్జెంటైతే ఫోన్ చేస్తారు (రెండేళ్ళలో చేసింది నాలుగు సార్లు). ఆ తర్వాత చెప్పులేసుకుని పాల ప్యాకెట్ కోసం నడిచి వెళ్తాను, దగ్గరి కొట్టు కాదు, దూరపు కొట్టు. అదే నా తార్నాక.

అమెరికా వాళ్ళతో పనిచేసేవాళ్ళకి ఇంకో చిక్కు ఉంటుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, ఇక్కడ మన రాత్రి 8.30 కాల్ కాస్తా 9.30 అవుతుంది, మార్చి దాకా అంతే. ఆ నాలుగు నెలలూ పొద్దున మామూలుగానే లాగిన్ అయి రాత్రి కూడా కూర్చుంటే చచ్చిపోతాం. నేను అడిగేశాను, రాత్రి కాల్ ఉన్న రోజు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఉండను అని. అడగడానికి మూడు వారాలు టెన్షన్ పడ్డాను, మేనేజర్ "ఓకే" అని ఒక్క ముక్క రాశాడు. అందరికీ అలాంటి మేనేజర్ దొరకడు, తెలుసు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి యాభై మంది, ఆపైన ఉన్న కంపెనీలు పనివేళల తర్వాత ఫోన్లు, మెయిళ్ళ సంగతి ఉద్యోగులతో మాట్లాడి తేల్చుకోవాలని చట్టం ఉంది, మనకి అలాంటిది లేదు, కాబట్టి ఎవరిది వాళ్ళే అడుక్కోవాలి.

ఎక్కువ గంటలు కూర్చుంటే ఎక్కువ పని అవుతుందన్న భ్రమ నాకూ ఉండేది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్క తేల్చాయి, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళ కంటే పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువట. మీ గంటలు ఒక వారం కాగితం మీద రాసి చూడండి, తింటూ మాట్లాడిన కాల్ కూడా కలపండి.

ఇక ఆడవాళ్ళకి అదనంగా ఒక మాట ఉంటుంది, "ఇంట్లోనే ఉన్నావు కదా." గ్యాస్ బండ వస్తే మీరే, కొరియర్ వస్తే మీరే, బడి నుంచి ఫోనొస్తే మీరే. నేను మా ఆయనతో గొడవపడి తేల్చుకున్నాను, మధ్యాహ్నం లోపు తలుపు కొడితే ఆయన లేవాలి, తర్వాత నేను. మెత్తగా చెప్తే మాత్రం అయ్యేది కాదు లెండి.

ఇవన్నీ చేసినా పొద్దున లేవబుద్ధి కాకపోతే, వారాల తరబడి నిద్రపట్టకపోతే, ఏడుపొస్తుంటే, అది కుర్చీతో, నడకతో తీరేది కాదు. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైన్ ఉంది, నంబరు 14416, పగలూ రాత్రీ పలుకుతారు, డబ్బులు లేవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

మొన్న పాల ప్యాకెట్‌కి వెళ్ళి వస్తుంటే ఎనిమిదిన్నర దాటింది, పక్కింట్లో మగ్గం ఇంకా చప్పుడు చేస్తూనే ఉంది. గుమ్మంలోంచి తొంగిచూసి "ఏంది మామయ్యా, ఇంకా లేవలేదా?" అన్నాను. ఆయన నాడె ఆపకుండానే "దసరా ఆర్డరు బిడ్డా, ఈ పది రోజులు గింతే, పండుగనాడు మగ్గానికి బొట్టు పెట్టి మళ్ల ముట్ట" అన్నాడు. ఆయుధపూజ రోజు మా అత్తమ్మ నా ల్యాప్‌టాప్‌కి కూడా బొట్టు పెడుతుంది. ఈసారి ఆ రోజుకి సెలవు ముందే పెట్టేశాను, ఇంకా అప్రూవ్ కాలేదు. ఉంటానండీ, నమస్కారం.