సోషల్ వర్కర్ మీద ఫిర్యాదు ఎవరికివ్వాలి?

(ప్రపంచ సోషల్ వర్క్ దినం సందర్భంగా ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో జరిగిన సభలో, పదవీ విరమణ చేసిన ఒక ఆసుపత్రి సోషల్ వర్కర్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, కింద కూర్చున్న, సోషల్ వర్క్‌లో పీజీ (ఎమ్మెస్‌డబ్ల్యూ) చదివే పిల్లలకు, కొండల మీంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆశా, అంగన్‌వాడీ అమ్మలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలంటే భోజనాల వేళవుతుంది. ఎవరి పేరైనా మర్చిపోతే వాళ్ళతో ఏడాదంతా గొడవ. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘సంఘసేవ, మానవతా విలువలు’. ఏటా మార్చి మూడో మంగళవారం రాగానే ఎవరో ఒకరు దీని మీద మాట్లాడుతూనే ఉన్నారు. ఈసారికి నన్ను వదిలెయ్యండి. నేను సోషల్ వర్కర్ల రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడతాను.

నర్సు తప్పు చేస్తే నర్సింగ్ కౌన్సిల్ ఉంది. లాయరు మోసం చేస్తే బార్ కౌన్సిల్ ఉంది. ఫార్మసిస్టుకీ రిజిస్టర్లో నంబరుంటుంది. మన మీద ఫిర్యాదు ఎవరికివ్వాలి? ఎన్జీవో మీదైతే ఏదో ఆఫీసు ఉంటుంది, నేను మనిషి గురించి అడుగుతున్నాను. సోషల్ వర్కర్నని చెప్పుకుని ఒక ఇంటి గడప దాటిన మనిషి గురించి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఊరి పేరు, ఏ సంవత్సరమన్నది చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. కొండమీది ఒక పల్లె. పట్నంలో ఎవరింట్లోనో పనికి పెట్టిన పిల్లని వెనక్కి తీసుకొచ్చి తల్లికి అప్పజెప్పారు. ఆ పిల్లకి అక్కడేం జరిగిందో చెప్పక్కర్లేదు. తల్లి కొండచీపుర్లు, చింతపండు సంతలో అమ్ముకుని బతికే మనిషి. వారం తిరక్కుండా ఒకాయన కారులో వచ్చాడు. రెండు దుప్పట్లు, ఒక బియ్యం బస్తా. పిల్లని పక్కన నిలబెట్టి ఫొటో తీయించుకున్నాడు. సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఉంది. కింద ఊరి పేరు, తండ్రి పేరు, పిల్లకి జరిగింది, అన్నీ. ఆపైన ‘మా చిన్న సాయం’ అని ఒక దండం బొమ్మ!

తర్వాతి సంతకి తల్లి వెళ్ళలేదు. ఆ తర్వాతి సంతకీ వెళ్ళలేదు.

నేను వెళ్ళినప్పుడు ఆవిడ బియ్యం డబ్బాలోంచి ఒక కార్డు తీసి చూపించింది. మూడు భాషల్లో అచ్చేసిన విజిటింగ్ కార్డు. బంగారు రంగు అక్షరాలు, ఆయన ఫొటో, కింద ‘సంఘ సేవకులు’. సర్కారు కాగితమనుకుని తడవకుండా దాచిపెట్టింది. “ఈ బాబుది ఏ ఆపీసమ్మా? ఈయన పైన ఎవరుంటారు?” అనడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

చట్టం లేదా అంటారేమో, ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015, సెక్షన్ 74. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు మాట రాగానే ఆయన ఫొటో తీసేశాడు, మంచి ఉద్దేశంతోనే చేశానన్నాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, అయిపోయింది. కొన్నాళ్ళకి ఒక సభలో ఆయనకి శాలువా కప్పారు. నేను మూడో వరసలో కూర్చుని చూశాను. చప్పట్లు బాగానే కొట్టారు.

ఒకవేళ ఆయనకి శిక్షే పడిందనుకుందాం. జరిమానా కట్టి బయటికొచ్చిన మర్నాడు ఆయనెవరు? మళ్ళీ సంఘ సేవకుడే! ఆ పేరు తీసెయ్యడానికి రిజిస్టరంటూ ఉంటే కదా.

ఇంగ్లండులో సోషల్ వర్కర్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2019 డిసెంబరు నుంచి దానికి ‘సోషల్ వర్క్ ఇంగ్లండ్’ అని విడిగా ఒక సంస్థే ఉంది. రిజిస్టర్ ఆన్‌లైన్లో ఉంటుంది, పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. ఫిర్యాదొస్తే విచారణ చేస్తారు, పెద్ద తప్పయితే పేరు కొట్టేస్తారు. రిజిస్టర్లో లేనివాడు ఆ పేరు పెట్టుకోవడమే నేరం. అక్కడన్నీ సవ్యంగా జరుగుతాయని నేననను. ఆ తల్లి అడిగిన ప్రశ్నకి మాత్రం అక్కడ జవాబుంది.

మన దగ్గర అంతా ముక్కలు ముక్కలు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్, అంటే మానసిక రోగులతో పనిచేసేవాడు, రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. దానికి పీజీ మీద ఎం.ఫిల్. కావాలి. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఏమో 2022లో ఎం.ఫిల్.నే ఎత్తేసి, తర్వాత ఈ కోర్సుకి 2025-26 దాకా గడువిచ్చింది. ఒక చేత్తో అడిగి ఇంకో చేత్తో తలుపేస్తే ఎలాగండీ? పైగా ఆ రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రంలోనే. మన పేషెంటు పాతపట్నం నుంచి ఇటొస్తాడు, ఇక్కడివాడు విశాఖపట్నం వెళ్తాడు. మనకి సరిహద్దంటే రోజూ దాటే రోడ్డు. డాక్టర్లు, నర్సులు కాని వైద్య సిబ్బంది కోసం వచ్చిన 2021 అలైడ్ హెల్త్ చట్టం షెడ్యూల్లో మెడికల్ సోషల్ వర్కర్ పేరుంది, సంతోషం. అది ఆసుపత్రి పనికి. పల్లెకెళ్ళే వాళ్ళ సంగతి?

ఇంకో వింత వినండి. నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సోషల్ వర్కర్లుండాలి. వాళ్ళకి పిల్లల పనిలో ఏడేళ్ళ అనుభవమైనా ఉండాలి, లేకపోతే డిగ్రీతో ప్రాక్టీసు చేస్తూ ఉండాలి. ఏ డిగ్రీ? చైల్డ్ సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, లా. సోషల్ వర్క్ డిగ్రీ ఆ జాబితాలో లేదు! నవ్వకండి పిల్లలూ, మీ గురించే చెబుతున్నాను.

అలాగని డిగ్రీ లేనివాళ్ళని బయటికి గెంటమని నేననను. ఇదే ఊళ్ళో గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉంటూ ఈ కొండల్లోని గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఏ యూనివర్సిటీ పంపింది ఆయన్ని? 1936లో ఒడిశా ఏర్పడి మన ఊరు ఇటు వచ్చినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. బొంబాయిలో దేశానికి మొట్టమొదటి సోషల్ వర్క్ స్కూలు, ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అంటున్నదే, అదీ ఆ ఏడాదే మొదలైంది. పంతులుగారి గురించి మొదలెడితే నేనాగను, వదిలేద్దాం.

వెనక వరసలో కూర్చున్న అమ్మల్ని చూడండి. సవరలో మాట్లాడి బాలింతని ఆసుపత్రికి ఒప్పించేది వాళ్ళే. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన మన పిల్లలకి ఆ భాషలో మంచినీళ్ళడగడం రాదు. రిజిస్టర్ వస్తే అనుభవం మీద వీళ్ళనీ చేర్చుకోవాలి. ఏడేళ్ళ అనుభవమని జువెనైల్ జస్టిస్ చట్టంలోనే దారుంది కదా. శిక్షణ ఇవ్వండి, నియమావళి చదివి వినిపించండి, నంబరివ్వండి. ఫీజు మాత్రం వాళ్ళ జీతం చూసి పెట్టండి.

డిగ్రీ ఉన్నవాళ్ళు తప్పు చెయ్యరా అని ప్రొఫెసర్ గారు ఇందాక టీ దగ్గర అడిగారు. చేస్తారండీ, శుభ్రంగా చేస్తారు. కేసు ఫైలు ఇంట్లో వదిలేసేవాళ్ళున్నారు, పేషెంటు కథ పెళ్ళిళ్ళలో చెప్పేవాళ్ళున్నారు. అందుకే కదా నేను కౌన్సిల్ అడుగుతున్నది! సర్టిఫికెట్ గోడకి తగిలించుకోవడానికి కాదు.

కౌన్సిల్, రిజిస్టర్ కావాలని రాసిన వినతిపత్రం గుమ్మం పక్కన టేబుల్ మీద ఉంది. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి. చదివి సంతకం పెట్టండి, చదవకుండా పెట్టకండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యొచ్చు. ఫీజు గురించి, అనుభవం గురించి అందులో రాసింది మీకు నచ్చకపోతే అక్కడే కొట్టేసి మీ మాట రాయండి, కలెక్టర్ గారికి అలాగే పంపుతాం. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి. ముందు వెనక వరస నుంచి.