పంటు వెళ్ళిపోయిందండి: కల్పిత భాషలో మర్యాద చోటు

సభకు నమస్కారం.

కోనసీమలోని సఖినేటిపల్లి రేవులో నిలబడి, గోదావరి దాటించే పడవ, అదే పంటు, సంగతి అడిగితే "ఇప్పుడే వెళ్ళిపోయిందండి" అంటారు. ఆ "అండి" పంటుకు కాదు, అడిగినవారికి. "మాస్టారు వెళ్ళిపోయారు" అన్నప్పుడు మాత్రం క్రియ చివరి "రు" అక్కడ లేని మాస్టారికి చెందుతుంది, వింటున్నవాడు ఆయన మనవడైనా సరే. "వెళ్ళిపోయారండి" అంటే రెండు మర్యాదలూ ఒకే మాటలో ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరుతాయి. కొత్త భాషను కల్పించేవారు, గౌరవం ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారికా, ఎవరితో మాట్లాడుతున్నామో వారికా అన్నది మొదటే తేల్చుకోవాలి.

1887లో వార్సాలో జామెన్‌హాఫ్ వెలువరించిన కల్పిత భాష ఎస్పెరాంటో ఈ చిక్కులోకి దిగలేదు. అందులో క్రియ పురుషను బట్టి గానీ వచనాన్ని బట్టి గానీ మారదు. నువ్వుకూ మీరుకూ "వి" ఒక్కటే. నేర్చుకోవడానికి సులువే గాని, కోనసీమ చెవికి కొంచెం బోసిగా వినిపిస్తుంది.

స్టార్ ట్రెక్ సినిమాల్లోని క్లింగాన్ అనే కల్పిత జాతి కోసం మార్క్ ఒక్రాండ్ రూపొందించిన క్లింగాన్ భాష ఇంకా ఆసక్తికరమైనది. దాని నిఘంటువు 1985లో వచ్చింది. క్రియాప్రత్యయాలకు వరుస సంఖ్యలిచ్చిన 9 వర్గాలలో, ఎనిమిదవ దాన్ని ఆయన "నెష్" అనే ఒక్క గౌరవ ప్రత్యయానికే కేటాయించారు. "నిన్ను చూస్తున్నాను" అనే క్రియకు దాన్ని తగిలిస్తే "తమ దర్శనభాగ్యం కలిగింది" అన్నంత వినయం వస్తుంది. పోరాటప్రియులైన జాతికి ఇంత మర్యాద ఎందుకని నవ్వు రావచ్చు. అయితే అది తప్పనిసరి కాదు, వాడుక కూడా అరుదే. మన రేవులో పెద్దాయనతో "వెళ్ళిపోయింది" అని ఊరుకుంటే, ఆయనకు పంటు కబురుకన్నా ముందు ఆ లోపించిన "అండి" వినిపిస్తుంది.

తెలుగును నమూనాగా తీసుకునేవారు ఇంకొకటి గమనించాలి. మగవాడికి గౌరవం తగ్గిస్తే "వచ్చాడు" మిగులుతుంది. స్త్రీకి తగ్గిస్తే ఆవుకూ పంటుకూ వాడే "వచ్చింది" మిగులుతుంది. గౌరవరూపాన్ని కూర్చేటప్పుడు, దాన్ని తీసివేస్తే అడుగున ఏముంటుందో కూడా చూసుకోకపోతే, మన అసమానతే ఆ కొత్త వ్యాకరణంలోకీ నిశ్శబ్దంగా చేరిపోతుంది.

మీలో భాషలు కల్పిస్తున్న విద్యార్థులకు ఒక చిన్న పని. "టీచరమ్మ పంటెక్కి వెళ్ళిపోయిందండి" అన్న వాక్యాన్ని మీ భాషలోకి మార్చండి. ఇందులో వినేవారికి మర్యాద ఉంది, టీచరమ్మకు లేదు. ఆ తేడాను మీ క్రియ చూపగలదో లేదో, చూపాలని మీరు కోరుకుంటున్నారో లేదో, రాసి తీసుకురండి.