కమిషనర్ వారంటు: పని ముందు, ఫీజు తరువాత

వకీలు మిత్రులందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడుకునేది అడ్వకేట్ కమిషనర్, అంటే కోర్టు తరఫున స్థలానికి వెళ్లి చూసి నివేదిక ఇచ్చే వకీలు నియామకం గురించి, ఆయన ఫీజు గురించి. జడ్జిగారు స్వయంగా ఉద్దానం వెళ్లి జీడిచెట్లు లెక్కపెట్టలేరు, బొబ్బిలి వైపు పొలం గట్టు మీద కొలత గొలుసు పట్టలేరు. అందుకని మనలో ఒకరికి వారంటు, అంటే పని అప్పగించే కోర్టు ఉత్తర్వు, ఇచ్చి పంపుతారు. నివేదిక చెడితే అందరం కమిషనర్‌ని తిడతాం గానీ, చాలాసార్లు తప్పు మనం వేసిన పిటిషన్‌లోనే ఉంటుంది. పని ఏమిటో రాయకుండా మనిషిని అడుగుతాం, పని తెలియకుండానే కోర్టువారు ఫీజు వేస్తారు.

అధికారం సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 75 నుంచి వస్తుంది. పద్ధతంతా ఆర్డర్ 26లో ఉంది. స్థల పరిశీలనకు రూల్ 9, లెక్కల పరిశీలనకు రూల్ 11, స్థిరాస్తి పంపకానికి రూల్ 13. సంతకం, వేలిముద్ర లాంటి శాస్త్రీయ పరీక్షకు రూల్ 10-ఎ. ఇది 1976 సవరణతో వచ్చింది. గట్టు తగాదాకి రూల్ 10-ఎ కింద, సంతకం పరీక్షకి రూల్ 9 కింద ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషన్) వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక పిటిషన్. ‘షెడ్యూలు ఆస్తిని చూసి నివేదిక ఇవ్వవలెను’ అని ఒక్క వాక్యం రాస్తే కమిషనర్ చేసేదేముంది? చూసి వస్తారు. సర్వే నంబరు, విస్తీర్ణం, రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్శిల్) నంబరు, ఏ గట్టు నుంచి ఏ గట్టుకి కొలవాలి, ఏమేమి లెక్కపెట్టాలి అన్నవి విడివిడిగా రాయండి. తోట మీద మధ్యకాల ఆదాయం (హక్కు లేనివారి స్వాధీనంలో ఉన్నంతకాలపు రాబడి) తేల్చాలంటే ‘చెట్లు’ అంటే చాలదు. కాపు చెట్లెన్ని, కాపు రాని మొక్కలెన్ని, మోడులెన్ని అని అడగాలి. 2018 అక్టోబరు తిత్లీ తుఫాను తరువాత ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో ఈ మూడింటినీ కలిపేసి ఇచ్చిన అంకె దేనికీ పనికిరాదు.

స్వాధీనం ఎవరిదో తేల్చమని మాత్రం అడగకండి. అది సాక్ష్యంతో కోర్టులో రుజువు చేసుకోవలసిన సంగతి. హద్దులు, ఆక్రమణ ఎంతవరకు అనే తగాదా వేరు. అలాంటి దావాలో కమిషనర్‌ని వేసి కొలిపించాల్సిందేనని 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మనిషి ఎంపిక కోర్టువారి విచక్షణ. సాక్షుల విచారణకి వేసే కమిషనర్లకైతే హైకోర్టు గానీ జిల్లా జడ్జి గానీ ప్యానెల్ తయారుచేయాలని ఆర్డర్ 18 రూల్ 4 చెబుతుంది. వాళ్ల నివేదికకు గడువు 60 రోజులు. ఇరుపక్షాల వకీళ్లతోనూ ఒకే ఆఫీసు సంబంధం లేనివారిని చూడాలి. జూనియర్‌కి నాలుగు డబ్బులు వస్తాయని వారంటు ఇవ్వడం మంచి మనసే. చెట్లు లెక్కపెట్టడానికి, గోడ ఫొటోలు తీయించడానికి జూనియర్ చాలు. పంపకం దావా తుది డిక్రీలో ఏడెకరాలు ఐదు వాటాలు వేయాలంటే ఎఫ్‌ఎంబీ, అంటే సర్వేశాఖ పొలం కొలతల పుస్తకం, చదవడం వచ్చినవారే కావాలి.

ఎందుకంటే పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకుల గొలుసు 66 అడుగులు. పటంలో 250 అని ఉంటే అది 165 అడుగులు. దాన్నే 250 అడుగులనుకుని టేపు లాగితే 85 అడుగులు పొరుగు రైతు చేలో ఉంటారు! ఇంకో పొరపాటు, తగాదా ఉన్న గట్టు దగ్గరే కొలత మొదలుపెట్టడం. ఇరువైపులా ఒప్పుకునే సర్వే రాయి వెతికి, అక్కడి నుంచి రావాలి. ఏ రాయి నుంచి మొదలుపెట్టారో నివేదికలో రాయాలి. స్కెచ్ మీద సర్వేయరు సంతకం, హాజరైనవారి సంతకాలు అక్కడే తీసుకోవాలి. సంతకం పెట్టనంటే ఆ మాటే రాయండి. నోటీసు అంది కూడా రాకపోతే ఆర్డర్ 26 రూల్ 18 ప్రకారం వాళ్లు లేకుండానే పని చేయవచ్చు. నోటీసు అందిన రుజువు మాత్రం జతచేయాలి.

డబ్బు సంగతికి వద్దాం. రూల్ 15 ప్రకారం వారంటు ఇవ్వకముందే, అడిగిన పక్షం చేత ఖర్చు కోర్టులో జమ చేయించవచ్చు. నేరుగా కమిషనర్‌కి ఇచ్చి, ఇచ్చినట్టు కోర్టులో మెమో (రాతపూర్వక సమాచారం) వేయమనే ఆర్డర్లూ వస్తుంటాయి. జమ పద్ధతే నయం. పిటిషన్‌తో పాటే చిన్న అంచనా ఇవ్వండి: ఎన్ని పూటల పని, కోర్టు నుంచి దూరం, కూలీలు, ఫొటోలు, టైపు. సర్వేయరు రుసుము వేరే పద్దు. దాన్ని కమిషనర్ ఫీజులో కలిపేస్తే, సర్వేయరు రెండుసార్లు వాయిదా వేసేసరికి కమిషనర్ చేతిలో ఏమీ మిగలదు. అందుకే మండల సర్వేయరుని పంపమని తహసీల్దారుకి ఉత్తర్వు కూడా అదే ఐఏలో అడగాలి.

ప్రయాణ ఖర్చు తక్కువ వేస్తే జరిగేది మీకు తెలిసిందే. కమిషనర్ వాది కారెక్కుతారు, వాది ఇంట్లో భోంచేస్తారు. నివేదిక ఎంత నిజాయతీగా ఉన్నా ప్రతివాది అభ్యంతరాల్లో మొదటి పేరా అదే అవుతుంది. ఆ బండికయ్యే వెయ్యి రూపాయలు మొదటే ఫీజులో వేస్తే పోయేది.

పని పెరిగితే కమిషనర్ పార్టీని అడగకూడదు. ఏ రోజు ఏ పని చేశారో రాసి అదనపు ఫీజు కోసం కోర్టులో మెమో వేయాలి. గడువు చాలకపోతే రూల్ 18-బి ప్రకారం తగిన కారణం చూపి ముందే పొడిగింపు అడగాలి.

నివేదిక నచ్చలేదని రెండో కమిషనర్‌ని అడిగేముందు అభ్యంతరాలు వేయండి. రూల్ 10 కింద కోర్టు అనుమతితో కమిషనర్‌ని బోనులో ప్రశ్నించవచ్చు. లోపం కనబడితే తిరిగి విచారణ జరపమనే అధికారం కోర్టుకి ఉంది. కట్టిన ఫీజు చివరికి దావా ఖర్చుల్లోకి వస్తుంది కాబట్టి చలానా, రసీదులు దాచి ఖర్చుల మెమోకి జతచేయండి. సర్వేయరు రుసుము రసీదునే ఎక్కువమంది మరిచిపోతారు.