జీతాల పట్టీ మన చేత్తోనే రాద్దాం
(కోనసీమ చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కొబ్బరి వర్తకులకు, పీచు మిల్లుల యజమానులకు, అంబాజీపేట నుంచి, రావులపాలెం నుంచి, గోదావరి దాటి పాలకొల్లు నుంచి వచ్చిన మిత్రులకు, ఇంత ఎండలో కుర్చీలు వేసి మజ్జిగ అందిస్తున్న కుర్రాళ్లకు నమస్కారం. నన్ను పీచు ధరల మీద మాట్లాడమన్నారు. ధరల సంగతి నాకన్నా బాగా తెలిసినవారు ఈ ముందు వరసలోనే ఉన్నారు. అధ్యక్షులవారు అనుమతిస్తే నేను జీతాల గురించి మాట్లాడతాను.

మనలో చాలామంది జీతాల పనిని పట్నంలోని ఒక కన్సల్టెంటుకు అప్పగించాం. నెలాఖరున హాజరు పట్టీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాం. ఆయన చలానా పంపుతాడు, మనం డబ్బు కడతాం. ఆ చలానాలో ఎవరి పేరు మీద ఎంత పడిందో విప్పి చూసేవారు ఎందరు? పాతిక ముప్పై మంది పనిచేసే చోట ఈ పని యజమానే చేసుకోవాలి, చేసుకోగలడు. నేను చెప్పదలచింది ఇదే.

ఇందులో లెక్క ఎంత? మూలవేతనం, డీఏ (కరవు భత్యం) కలిపి 14,000 రూపాయలు వచ్చే మనిషిని తీసుకోండి. పీఎఫ్, అంటే భవిష్య నిధి కింద అతని దగ్గర 12 శాతం, అంటే 1,680 కోస్తాం. మనం మరో 1,680 వేస్తాం. మన వాటాలో 1,166 పింఛనుకు, మిగిలిన 514 అతని ఖాతాకు వెళ్తాయి. పీఎఫ్‌తో పాటు ఉండే జీవిత బీమాకు అర శాతం, 70 రూపాయలు, మనమే కట్టాలి. నిర్వహణ రుసుము దీనికి అదనం. ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఉంటే అతనిది 105, మనది 455. జీతం 15,000 దాటకపోతే మన రాష్ట్రంలో వృత్తిపన్ను లేదు. పదిమంది పనివాళ్లుంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్. రెండూ పై నెల 15వ తేదీలోగా కట్టాలి. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, వాటి ప్రకారం నెల జీతం పై నెల 7లోగా చేతికందాలి. పని మానేసినా, మనం తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. కొబ్బరికాయల దింపు లెక్క, వలుపు లెక్క, కాయ మీద ఒలిచిన డొక్కల లారీ లెక్క నోటితో చెప్పగలవాళ్లం, మనకు ఇది కష్టమా?

సంక్రాంతి అడ్వాన్సుల గురించి కూడా చెప్పాలనుకున్నాను. భోగికి ముందు ఇచ్చింది ఉగాది దాకా కోస్తూనే ఉంటాం. ఆ కోత జీతం కాగితంలో కనిపించాలి. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. దానికి వేరే చిట్టా పెట్టి, అది మన జేబులోనే ఉంచుకుంటే పనివాడు ఏం చూసి నమ్ముతాడు? ఈ విషయం ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే అంతకన్నా ముఖ్యమైనది ఒకటి నా గొంతులో ఉంది.

మా మిల్లులో ఒక ఆపరేటరు ఉండేవాడు. అంతకు ముందు మరో చోట చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. డొక్క మిషను శబ్దం వినే బేరింగు పోతోందని చెప్పగలిగేవాడు. గుండెపోటుతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. మా దగ్గర చేరినప్పుడు కొత్త పీఎఫ్ ఖాతా నంబరు తీశాం, ఎందుకంటే పాత నంబరు అతనికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. మా ఖాతాలో నామినీగా భార్య పేరు ఉంది, కాబట్టి పింఛను మంజూరైంది, బీమా సొమ్మూ వచ్చింది. పాత మిల్లు ఖాతాలోని డబ్బు దగ్గరే పని ఆగింది.

అతని భార్య బట్టల కొట్టు సంచీలో కాగితాలు తెచ్చి నా బల్ల మీద పోసింది. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన కుటుంబ సభ్యుల పత్రం, బ్యాంకు పుస్తకం, ఫోటో సగం చెరిగిపోయిన పాత మిల్లు గుర్తింపు కార్డు. జీతం కాగితం ఒక్కటీ లేదు. ఇచ్చి ఉంటే కదా! ఆధార్‌లో అతని ఇంటిపేరు పూర్తిగా ఉంది. పీఎఫ్‌లో ఒక్క అక్షరం ఉంది, అదీ తప్పు. పుట్టిన సంవత్సరం వేరు. నామినీ గడి ఖాళీ. పాత యజమానికి ఇవేవీ తెలియవు, అంతా ఎవరో చూసుకునేవారట! దిద్దాలంటే ఆయన వైపు నుంచి సంతకం కావాలి. మిల్లు చేతులు మారింది. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకు పొమ్మంటుంది, ఆ ఆఫీసు ఈ యజమాని దగ్గరకు పొమ్మంటుంది. రాజమండ్రి బస్సు చార్జీలకే ఆమె కూలి డబ్బులు పోయాయి.

అయ్యా, అది దానం కాదు. నెలనెలా అతని జీతంలోంచి కోసిన డబ్బు. కోసి కట్టకపోతే నమ్మకద్రోహం కింద నేరమని చట్టం చెబుతోంది. మరి కట్టి, అతని పిల్లలకు అందకుండా రాస్తే? దానికి ఏ పేరు పెడదాం? మీరే చెప్పండి. నాకు కోపం వస్తోంది, క్షమించండి.

కన్సల్టెంట్లందరూ చెడ్డవాళ్లని నేను అనటం లేదు. వారికి మన పనివాడు పట్టీలో ఒక వరస. మనకు అతని ఇంటిపేరు తెలుసు, ఊరు తెలుసు, ఏ లంక నుంచి పడవ ఎక్కి వస్తాడో తెలుసు. వరద వచ్చిన రోజుల్లో ఎందుకు రాలేదో తెలుసు. పేరు సరిగ్గా రాయగలిగింది మనమే. అందుకే జీతాల పట్టీ మన బల్ల మీద ఉండాలంటున్నాను.

వలుపు ముఠాలు పెట్టుకున్నవారికి ఇంకొక్క మాట. బటవాడా మొత్తం మేస్త్రి చేతిలో పెట్టి మన పని అయిపోయిందనుకోవద్దు. ఎవరు ఎన్ని వేల కాయలు ఒలిచారో, ఎవరికి ఎంత వచ్చిందో మన పట్టీలో మనిషి మనిషికీ ఉండాలి.

భోజనాలు సిద్ధమయ్యాయని సైగ చేస్తున్నారు. లేచేముందు మీ ఫోన్లో పీఎఫ్ యజమాని ఖాతా తెరిచి, ఎంతమందికి నామినీ పేరు ఎక్కలేదో చూడండి. పాస్‌వర్డు మీ దగ్గర లేకపోతే ఈ రోజే కన్సల్టెంటును అడిగి తీసుకోండి. పేర్లలో తప్పులున్నవారు భోజనాలయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరకు రండి. జాయింట్ డిక్లరేషన్, అంటే పీఎఫ్‌లో తప్పులు దిద్దమని పనివాడూ యజమానీ కలిసి ఇచ్చే పత్రం, ఎలా నింపాలో కూర్చుని చూపిస్తాను. ఆధార్ నకళ్లు వెంట లేకపోతే మిల్లుకు ఫోను చేసి తెప్పించండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.