యాపిల్ అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ రివ్యూ: మనకు ఉంది, బ్రిటన్‌లో ఎందుకు తీసేశారు?

నమస్తే అండి. ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నది ఐఫోన్‌లో ఉన్న ఒక్క స్విచ్‌ని. పేరు అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్. మన దేశంలో దీన్ని ఆన్ చేసుకోవచ్చు. లండన్‌లో ఉన్న మీ తమ్ముడు ఇదే ఫోన్లో కొత్తగా ఆన్ చేయబోతే మాత్రం, యూకేలో ఇవ్వలేమని మెసేజ్ వస్తుంది. 2025 ఫిబ్రవరి 21 నుంచి అక్కడ ఇదే పరిస్థితి.

అసలు ఇది ఏం చేస్తుంది? ఐమెసేజ్ చాట్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ముందే ఉంది. పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ యాపిల్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన ఐక్లౌడ్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఐక్లౌడ్‌లో దాచిన మెసేజ్‌లను తెరిచే కీ కూడా ఆ బ్యాకప్‌లోకి వెళ్లిపోతుంది. ఆ బ్యాకప్‌ని యాపిల్ తెరవగలదు, చట్టప్రకారం అడిగితే పోలీసులకు ఇవ్వగలదు. ఈ స్విచ్ వేశారనుకోండి, బ్యాకప్, ఫోటోలు, నోట్స్ కీలు మీ డివైస్‌లలోనే ఉంటాయి. యాపిల్ కూడా తెరవలేదు. మెయిల్, కాంటాక్ట్స్, క్యాలెండర్‌కి మాత్రం ఈ రక్షణ లేదు. అది లోటే.

బ్రిటన్ ప్రభుత్వానికి నచ్చనిది సరిగ్గా ఇదే. 2016 నాటి ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్ కింద, ఈ డేటా తమకు అందేలా దారి పెట్టమని యాపిల్‌కి రహస్య నోటీసు ఇచ్చిందని వార్తలొచ్చాయి. నోటీసు వచ్చిందని కంపెనీ బయటికి చెప్పడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. యాపిల్ అలాంటి దొడ్డిదారి, అంటే బ్యాక్‌డోర్ పెట్టలేదు, అక్కడ ఫీచర్‌నే తీసేసింది.

పోలీసుల వాదన తీసిపారేసేది కాదు. పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్లను పట్టుకోవడానికి ఒక్కోసారి చాటే ఆధారం. కానీ అమెరికాలో ఏం జరిగిందో చూడండి. కోర్టు ఆర్డర్ ఉంటే ట్యాపింగ్‌కి వీలుండేలా నెట్‌వర్క్‌లు కట్టాలని టెలికాం కంపెనీలకు 1994లోనే చట్టం పెట్టారు. 2024లో సాల్ట్ టైఫూన్ అనే చైనా హ్యాకర్ల ముఠా ఆ కంపెనీల్లోకి దూరింది. కోర్టు ఆర్డర్లతో పోలీసులు అడిగిన సమాచారంలో కొంత కాపీ అయిందని ఎఫ్‌బీఐయే చెప్పింది. ఆ డిసెంబర్‌లో, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడండని అధికారులే జనానికి చెప్పారు! పోలీసుల కోసం పెట్టిన దారిలో దొంగలు నడవరని ఎవరు హామీ ఇస్తారు? నేను బ్యాక్‌డోర్‌కి వ్యతిరేకం అనడానికి ఈ ఒక్క కేసు చాలు.

మన దగ్గరా గొడవ ఉంది. మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పాలన్న 2021 ఐటీ రూల్‌పై వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే దేశం వదిలి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో కోర్టులోనే చెప్పింది.

సరే, ఆన్ చేద్దాం. సెట్టింగ్స్, పైన మీ పేరు, ఐక్లౌడ్, కిందికి వస్తే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్. అకౌంట్‌లోకి వెళ్లలేకపోతే తిరిగి తెరవడానికి, రికవరీ కాంటాక్ట్‌గా నమ్మకమైన మనిషినైనా పెట్టాలి, 28 అక్షరాల రికవరీ కీ అయినా తీసుకోవాలి. కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు. పాస్‌వర్డ్ మర్చిపోయి, ఇది కూడా పోతే మీ ఫోటోలను యాపిల్ తెచ్చివ్వలేదు. అమ్మానాన్నల ఫోన్లో వేసేటప్పుడు రికవరీ కాంటాక్ట్‌గా మీరే ఉండండి.

యూకేలో ఉన్నవాళ్లు ఐక్లౌడ్ బ్యాకప్ ఆపేసి, ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, ‘ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్’ దగ్గర టిక్ పెట్టి అందులోకే బ్యాకప్ తీసుకోండి.